పిచ్చిదాన్ని తొలగించమని అర్జీ

వలలు బాగుచేసే వస్ఫియ్యెకు అరవై మూడేళ్ళు. పెళ్ళి చేసుకోలేదు, చేసుకోనందుకు ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోనూ లేదు. లెబనాన్ తీరాన, చేపల రేవు వెనక సందులో, తండ్రి కట్టిన రెండు గదుల ఇంట్లో ఒంటరిగా ఉంటుంది. ఆమె పెంచిన కాగితంపూల పొద ప్రహరీని కమ్మేసి, సందంతా ఎర్రబడేలా పూస్తుంది. ఆ పొదను అక్కడ అందరూ ‘మజ్నూనె’ అంటారు, అంటే పిచ్చిది. ఆ చెట్టుకు మరో పేరుంటుందన్న తలంపే ఎవరికీ రాదు.

పక్కన కాఫీకొట్టు నడిపే అబూ నిజార్ నగరపాలికకు అర్జీ పెట్టాడు: “వస్ఫియ్యె ఇంట్లోని పిచ్చిది గోడెక్కి మా వైపు వస్తోంది. దారినపోయేవారిని గీరి రక్తం కళ్ళజూస్తోంది. వెంటనే తొలగించగలరు.” కింద పదకొండు సంతకాలు. గుమాస్తా చదివాడు, ముద్ర కొట్టాడు, ఆరోగ్యశాఖకు పంపాడు. ఒక్కరూ ఒక్క ప్రశ్న అడగలేదు.

మంగళవారం పొద్దున, ఆమె గుమ్మంలో కాలివేళ్ళకు వల తగిలించుకుని ముడులు వేస్తుండగా, ఆసుపత్రి వ్యాను వచ్చి ఆగింది. ఇద్దరు దిగి చెరో చెయ్యి పట్టుకున్నారు.

“రా ఖాల్తో,” అన్నాడొకడు, సొంత పిన్నిని పిలిచినట్టు. “అలా తిరిగొద్దాం.”

“మీ అమ్మను తిప్పుకో పో! చెయ్యి తియ్యి! ఏం చేశానురా నేను?”

“జనాన్ని గీరుతున్నావట, గోడలెక్కుతున్నావట.”

“నా మోకాళ్ళు చూశావా? గడప దాటడమే గగనం, గోడలెక్కుతానా?”

జనం మూగారు. అబూ నిజార్ కొట్టు ముందు కూర్చుని, హుక్కా పీలుస్తూ చూస్తున్నాడు. వాళ్ళు ఆమెను వ్యాను దాకా ఈడ్చాక, రొట్టెలమ్మే ఫత్హియ్యె పరుగెత్తుకొచ్చి వాళ్ళ చేతిలోని అర్జీ లాక్కుని చదివింది.

“ఓరి మీ మొహాలు మండ! పిచ్చిదంటే ఈమె కాదురా, ఆ చెట్టు!”

చేతులు వదిలేశారు. సందంతా పగలబడి నవ్వింది. అబూ నిజార్ కూడా నవ్వాడు.

వస్ఫియ్యె నవ్వలేదు. అర్జీ అందుకుని నేరుగా అతని ముందుకు నడిచింది.

“ఏ పిచ్చిదాని గురించి రాశావు?”

“చెట్టు గురించే! ఆ గుమాస్తా ఉత్త గాడిద.”

“వాడు గాడిదే, సరే. వీళ్ళు నన్ను ఈడుస్తుంటే నువ్విక్కడే ఉన్నావుగా. చెట్టని ఎందుకు చెప్పలేదు?”

హుక్కాలో బుడబుడ ఆగింది.

“ఏమో... నిజంగానే నీకేమైనా అయిందేమో అనుకున్నా.”

చెట్టును నరకాలన్నా ఒకడొచ్చి చూసి పోతాడు. ఒంటరి ఆడదానికి మతి లేదని తేల్చడానికి మాత్రం ఒక మాట, ఒక ముద్ర చాలు. పదకొండు మందికీ అది నవ్వులాటే.

“అయిపోయిందిలే ఖాల్తో,” అన్నాడు వ్యాను మనిషి. “నీ పూచీ తీసుకుంటూ ఇంట్లో మగవాళ్ళెవరైనా ఒక సంతకం పెడితే ఈ కేసు ఇక్కడికిక్కడే మూసేస్తాం.”

వస్ఫియ్యె ఇంటికి తాళం వేసింది. గడప దాటడమే గగనమన్న మోకాళ్ళతోనే వ్యానెక్కి కూర్చుంది.

“ఎక్కడికి? నువ్వు రానక్కర్లేదు!”

“రమ్మన్నది మీరేగా? నగరపాలికకు పోనీ. నా పూచీ నాదే. ముద్ర కొట్టినవాడూ, ఈ పదకొండు మందీ ఎవరిని పిచ్చిదన్నారో నా ఎదుట రాసివ్వాలి. అది నా చేతికొచ్చే దాకా ఈ అర్జీ ఇవ్వను.”