ముందు సీటు గాలి

ఆడవాళ్ళను తెరచాటున ఉంచే ఘోషా మా ఇంట్లోకి కారుతో పాటు వచ్చింది. అంతకుముందు మాకు దాని ఊసే లేదు. మేం తెలుగు మాట్లాడే ముస్లింలం, చేతిపని చేసుకుని బతికేవాళ్ళం. మా నాయన మైపాడులో రేకు పని చేసేవాడు. పడవలకు లాంతర్లు, ఇళ్ళకు రేకు పెట్టెలు చేసేవాడు. ఆ లాంతర్లు మోసుకుని, కొంగు నెత్తిన వేసుకుని, చేపలు పట్టేవాళ్ళ ఇళ్ళ చుట్టూ తిరిగి అమ్ముకొచ్చింది ఎవరనుకున్నారు? మా అమ్మే. ఇరవై ఏళ్ళు ఆమె ముఖం ఊరంతా చూసింది. ఎవరి పరువూ పోలేదు.

వ్యాపారం పుంజుకున్నాక, అరవైల మొదట్లో, నాయన నెల్లూరులో ఒక పాత కారు కొన్నాడు. ఆయనకు నడపడం రాదు. మా మేనమామ, అంటే అమ్మ సొంత తమ్ముడు, నడిపేవాడు. కొన్న వారానికే వెనక కిటికీలకు ఆకుపచ్చ తెరలు వేలాడాయి. ముందు సీటుకూ వెనక సీటుకూ మధ్య ఇంకో తెర. నెల్లూరులో పెద్ద సాయిబుల ఇళ్ళ ఆడవాళ్ళు కార్లో అలాగే వెళతారట, ఆయన ఎక్కడో చూశాడు. గాలికి తెర ఎగిరితే పరువు పోతుందని అద్దాలు కూడా పైకెత్తించాడు. పులిని చూసి నక్క వాత పెట్టుకుందంటారు. మా నాయన ఆ వాత మా అమ్మకు పెట్టాడు.

మా వీధిలో చేపలమ్మే ఆమె ఒకరోజు మొహాన్నే అడిగేసింది. "ఏందన్నా, గంప కింద కోడిని మూసినట్టు మా అక్కను మూసినావే!" నాయన వినపడనట్టు నటించాడు.

అమ్మకు ఉబ్బసం. నెలకోసారి నెల్లూరు డాక్టరుకు చూపించాలి. ఒకసారి అలా వెళ్ళివచ్చి గడప మీద కూలబడి, "కార్లో ఊపిరాడటంలా" అంది. ఆ ఒక్క ముక్క అనడానికి ఆమె ఎంత జంకిందో నాకు తెలుసు. నాకప్పుడు పద్నాలుగేళ్ళు. ఆ ఏడే నన్నూ తెర వెనక్కి చేర్చారు.

నాయన కారంతా చూసి రోగం కనిపెట్టేశాడు. డ్యాష్‌బోర్డు మధ్యలో బయటి గాలి లోపలికి వచ్చే జాలీ ఒకటి ఉండేది. ఉప్పుగాలికి దాని రెక్కలు తుప్పుపట్టాయి. రెండు విరిగి లోపల ఇరుక్కుని, దారి మూసుకుపోయింది.

"ఇదా సంగతి! జాలీ మారిస్తే సరిపోద్ది" అన్నాడు.

ఆయన పనితనాన్ని మాత్రం తక్కువ చేసి చెప్పను. బిగుసుకుపోయిన స్క్రూలను కిరసనాయిలుతో నానబెట్టి, చుట్టూ రంగు లేవకుండా విప్పాడు. తుప్పు పట్టకూడదని ఇత్తడి రేకు ఎంచుకున్నాడు. ఐదు రెక్కలు కత్తిరించి, ఆకురాయితో అంచులు నున్నగా రుద్ది, ఎటు తిప్పితే అటు తిరిగేలా చట్రంలో కూర్చాడు. మూడు రోజులు సరిగా అన్నం తినలేదు. బిగించాక మామను కారు తీయమని, తాను ముందు సీట్లో జాలీకి ఎదురుగా కూర్చుని, ఊరి చివరిదాకా వెళ్ళివచ్చాడు. గాలికి చెదిరిన గడ్డం దువ్వుకుంటూ దిగి, "జిల్లా మొత్తంలో ఇట్టాంటిది ఇంకోటి చూపించండి!" అన్నాడు. వెనక సీట్లో ఒక్కసారి కూర్చుని చూడాలని మాత్రం ఆ తలకు తట్టలేదు. నా కోపమంతా అక్కడే.

మళ్ళీ నెల్లూరు బయలుదేరాం. ఎండాకాలం. ముందు మామ, నాయన. వెనక అమ్మ, నేను. మధ్య తెర కొంచెమైనా కదల్లేదు. ఎగరకుండా కింది అంచును తాడుతో బిగించింది కూడా ఆయనే.

"గాలి వస్తుండాదా?" తెర అవతలి నుంచి అడిగాడు.

"వస్తుండాది" అంది అమ్మ.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నోరు తెరవబోతే అమ్మ నా మణికట్టు పట్టుకుంది. "మూడు రోజులు తిండి మానుకుని చేసినాడు. మొగం చిన్నబోతాది" అని నా చెవిలో చెప్పింది. ఆ నాలుగు మాటలకే మూడుసార్లు ఆగి ఊపిరి తీసుకుంది. నాకు ఆమె మీదా కోపమే.

ఇందుకూరుపేట దాటాక మళ్ళీ అడిగాడు. ఈసారి జవాబు లేదు. అమ్మ పెదాలు నేరేడుపండు రంగుకు తిరిగాయి. తల నా ఒళ్ళోకి వాలింది. నేను ఆ తెరను రెండు చేతులా పట్టి లాగాను. కడ్డీతో సహా ఊడి నాయన నెత్తిన పడింది. అప్పుడు తగిలింది మాకు ఆ జాలీ గాలి. ఆయన వెనక్కి తిరిగాడు. ఆమె ముఖం చూశాడు. చూసి కూడా ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి మాట, "వస్తుండాదన్నావే!"

ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఆ మాటను నేను ఇప్పటికీ క్షమించలేదు.

డాక్టరు ఇంజెక్షను ఇచ్చి, మధ్యాహ్నం దాకా పడుకోబెట్టాడు. ఇంకొంచెం ఆలస్యమైతే చెయ్యి దాటిపోయేదన్నాడు. మేం లోపల ఉన్నంతసేపూ నాయన ఏం చేశాడో బయటికి వచ్చాక తెలిసింది. కడ్డీ మళ్ళీ బిగించాడు. చిరిగిన తెరకు కొత్త పురికొస కట్టి, ఎక్కడా సందు లేకుండా వేలాడదీశాడు. ఆ పని కూడా చక్కగానే చేశాడు.

అమ్మ ఆ తెరను కాసేపు చూసింది. తర్వాత ముందు తలుపు తీసి, జాలీ ఎదురుగా కూర్చుంది. నడిపేది సొంత తమ్ముడు, ఎవరేమంటారు?

నాయన వీధిలో అటూ ఇటూ చూశాడు. "ఏందిది?" అన్నాడు.

"మీరు యెనక కూచోండి" అంది.

వచ్చి నా పక్కన, తెర వెనక కూర్చున్నాడు. ఊరు దాటాక అద్దం దించడానికి చెయ్యి చాచి, నేను చూస్తున్నానని వెనక్కి తీసుకున్నాడు. చెమట గడ్డం మీదుగా చొక్కాలోకి కారుతోంది.

"నాయనా, గాలి వస్తుండాదా?" ముందు సీటుకు వినపడేలా గట్టిగా అడిగాను.

అరచేత్తో గడ్డం తుడుచుకున్నాడు. "వస్తుండాది" అన్నాడు.

పొద్దున అమ్మ ఆడిన అబద్ధం ఆయన ముఖం చిన్నబోకూడదని. ఇప్పుడు ఆయన ఆడిన అబద్ధమూ అందుకే.

తెర అవతల ఇత్తడి రెక్కలు టక్కుమన్న చప్పుడు వినిపించింది. అమ్మ వాటిని పూర్తిగా తన వైపు తిప్పుకుంది.