నాలుగంకెల కారు

మా తమ్ముడు పోయాక వాడి కారు నాలుగేళ్ళు మా షెడ్డులో ఉన్నచోటు నుంచి కదలలేదు. ఇంజన్ మాత్రం రోజూ పొద్దున్నే మోగేది.

మాది జగదల్‌పూర్‌లో గిన్నెల దుకాణం. ముందు షాపు, వెనక ఇల్లు, ఆ పక్కన సరుకు దించుకునే రేకుల షెడ్డు. నేను బడిలో పాఠాలు చెప్పుకుంటూ మేడ మీద గదిలో ఉండేదాన్ని. కింద తమ్ముడూ మరదలూ ఉండేవాళ్ళు. వాళ్ళకు పిల్లలు లేరు. మరదలిది తెలుగు సరిహద్దులోని కోంటా. అక్కడి మాట ఇప్పటికీ పోలేదు.

ఆ కారు వాడు రాయపూర్ నుంచి తెచ్చాడు. రెండే సీట్లు, ముదురు నీలం రంగు. అందులో కూర్చుంటే చాప మీద కూర్చున్నట్టే ఉంటుంది. ఏ దేశంలోనో తయారై, ఎవరెవరి చేతులో మారి వచ్చిన పాత స్పోర్ట్స్ కారు. స్టీలు బిందెలమ్మేవాడికి ఇదేం సరదా అని బజారంతా నవ్వింది. వాడు నన్ను చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి మీటరు చూపించాడు.

"అక్కా, దీని వయసు చూడకు. ఎంత తిరిగిందో చూడు."

మైలేజ్ అంటే లీటరుకు ఎంత వస్తుందనేగా మనవాళ్ళు అడిగేది! వాడికి ఆ లెక్కే లేదు. మామూలు కారు ఏడాది గడిస్తే చవకవుతుందట. ఇలాంటి కారు అలా కాదట. తక్కువ తిరిగి, చెయ్యి పడనట్టు ఉంటే పాతబడేకొద్దీ ధర పెరుగుతుందట. అందుకే దాన్ని పిసినారిలా నడిపేవాడు. రెండు మూడు నెలలకు ఒక ఆదివారం పొద్దున తీస్తాడు. మరదల్ని పక్కన కూర్చోబెట్టుకుని దర్భా ఘాటు రోడ్డు మీదుగా తోంగ్‌పాల్ దాకా వెళతాడు. టీ తాగి వెనక్కి వస్తాడు. అంతకు మించి వెళ్ళేవాడు కాదు. వచ్చాక తడిగుడ్డతో తుడిచి గుడ్డ కప్పేవాడు.

ఒక వానాకాలం మరదలు కోంటాలో పుట్టింటికి వెళ్ళింది. ఆమె వెళ్ళిన రెండోనాడే వాడికి జ్వరం వచ్చింది. ఇక్కడ జ్వరాలు మాకు కొత్త కాదు. మాత్రలేసుకుని పడుకున్నాడు. ఆ జ్వరం మెదడుకెక్కింది. ఆసుపత్రిలో చేర్చేసరికి మనుషుల్ని గుర్తుపట్టడం తగ్గిపోయింది. ఫోన్ చేస్తే మరదలు బయల్దేరింది. కానీ శబరి నది పొంగి రోడ్డు మీదికి వచ్చేసింది. బస్సులు ఆగిపోయాయి. నీళ్ళు తీశాక ఆమె ఇల్లు చేరేసరికి ఇక్కడ అంతా అయిపోయింది. ఆ వానలో, ఆ ఉక్కలో ఆమె వచ్చేదాకా శవాన్ని ఉంచలేమని పెద్దలన్నారు.

ఆమె లోపలికి వచ్చింది. ఇల్లంతా తిరిగి షెడ్డులోకి వెళ్ళింది. కారు మీది గుడ్డ తీసి చూసి, మళ్ళీ కప్పింది. వాడు పోయినట్టు ఆమె కళ్ళతో చూసిందేమీ లేదు. చూసింది, వాడు ఆపి వెళ్ళిన కారును.

పెద్దకర్మ అయిన మర్నాడు పొద్దున షెడ్డులో ఇంజన్ మోగింది. నిద్రలోనే లేచి, వాడొచ్చాడు గేటు తీయాలనుకుంటూ సగం మెట్లు దిగాను. అప్పుడు గుర్తొచ్చింది. మెట్టు మీదే కూర్చున్నాను.

ఆ తర్వాత అది రోజూ మోగింది. బ్యాటరీ పాడవకుండా ఉండాలని ఆమె పైకి చెప్పేది. నేను తెల్లారకముందే మెలకువ తెచ్చుకుని ఆ చప్పుడు కోసం కాచుకునేదాన్ని. వినిపిస్తే భయం. ఒకటి రెండుసార్లు ఆలస్యమైతే అంతకన్నా భయమేసేది.

ఒకరోజు ఉండబట్టలేక కిందికి వెళ్ళాను. షెడ్డు తలుపులు బార్లా తీసి ఉన్నాయి. మరదలు కారు బయట నిలబడి, కిటికీలోంచి సగం లోపలికి వంగి తాళం తిప్పుతోంది.

"కూర్చుని స్టార్ట్ చెయ్యొచ్చుగా," అన్నాను.

"నా కాళ్ళు అందయి వదినా. సీటు ఆయన పొడుగుకు ఉంది."

"ముందుకు జరుపుకో."

ఆమె నా వైపు చూసింది. "జరిపితే మళ్ళ అదే జాగాకు వస్తదా?"

నేను అవతలి వైపు తలుపు తీసి లోపల కూర్చున్నాను. ఎందుకు కూర్చున్నానో నాకే తెలీదు. నా పక్క సీటు ఖాళీ. ఇంజన్ నడుస్తోంది. గేరు రాడ్డు వణుకుతోంది. స్టీరింగు సన్నగా అదురుతోంది, ఎవరో దాని మీద వేళ్ళు ఆనించి ఏదో ఆలోచిస్తున్నట్టు. సీటు మీది తోలులో వాడి వీపు పడిన గుంట అలాగే ఉంది. స్పీడు ముల్లు సున్నా మీద ఉంది. కింద అంకెలు కదలడం లేదు. దిగబోతుంటే ఆమె కిటికీలోంచి మెల్లగా అంది:

"బండి నడుస్తున్నంతసేపు ఉంటడు వదినా. బంద్ చేస్తే ఏం ఉండదు."

ఆ రోజు నుంచి నేను షెడ్డు వైపు వెళ్ళడం మానేశాను.

నాలుగో ఏడు షాపు బేరాలు తగ్గాయి. సంతలకు సరుకు మోసే వ్యాను మూలపడింది. కారు అమ్మితే మంచిదని బంధువులు ఎప్పటినుంచో అంటున్నారు. ఈసారి మరదలు కాదనలేదు. అలాంటి పాత కార్లు కొని అమ్మే ఒకాయన విశాఖపట్నం నుంచి వచ్చాడు. యాభై ఏళ్ళుంటాయి, నెమ్మదస్తుడు. ముందు మీటరు చూశాడు. పదివేలు నిండడానికి ఇంకా వంద కిలోమీటర్లు కూడా లేవు. ఆయన ముఖంలో అనుమానం కనిపించింది.

"ఏటండి ఇది? ఇంత పాత బండి ఇంతే తిరిగిందంటే ఎవులు నమ్ముతారు? మీటరు వెనక్కి తిప్పినోళ్ళని శానామందిని చూసానండి."

ఆయన మోకాళ్ళ మీద కూర్చుని పెడళ్ళ మీది రబ్బరు వేలితో తడిమాడు. తలుపుల బందులూ, స్టీరింగు తోలూ చూశాడు. ఏదీ అరగలేదు. అప్పుడు ఆయన గొంతు మారింది.

"నిజమేనండి. తిరగలేదు." తరవాత ఇంజన్ స్టార్ట్ చేయించి చాలాసేపు విన్నాడు. ప్లగ్గు ఒకటి విప్పి చూస్తే మసి. "కానీ ఇంజన్ అలిసిపోయుందమ్మా. చక్రాలు తిరగలేదు, ఇంజన్ తిరిగింది. నిలబెట్టి నడిపారా?"

"రోజూ," అంది మరదలు.

"మీటరు చక్రాన్నే లెక్కేస్తాదమ్మా. ఇదంతా అందులో ఎక్కదు." ఎందుకు నడిపారని ఆయన అడగలేదు. అందుకు ఆయన మీద నాకు గౌరవం కలిగింది.

ధర మాట్లాడుకున్నారు. మేము అనుకున్నదానికంటే చాలా ఎక్కువే చెప్పాడు. ఆయనకు ఒక షరతుంది. కొనేవాళ్ళకు మీటరులో నాలుగంకెలే ఉండాలి. పదివేలు దాటి ఐదో అంకె పడిందంటే, దాటింది ఒక్క కిలోమీటరైనా సరే, ఆ మోజు పోతుంది, ధర పడిపోతుంది. అందుకని బండిని నడిపి తీసుకుపోడు. రాయపూర్ నుంచి లారీ తెప్పించి దాని మీద ఎక్కించుకుపోతాడు. ఎక్కించడానికి వీలుగా మెకానిక్‌ను పిలిచి, పట్టేసిన బ్రేకులు వదులు చేయించి, చక్రాలకు గాలి కొట్టించాడు. లారీ రావడానికి ఒక రోజు పడుతుందని తెలిసి, ఈలోపు దంతెవాడ వెళ్ళి అమ్మవారి దర్శనం చేసుకొస్తానన్నాడు.

ఆ సాయంత్రం మరదలు అన్నం కలుపుతూ ఆగిపోయింది.

"లారీ మీద పండబెట్టి తాళ్ళతో కట్టి తీస్కపోతరా?"

"వాళ్ళ పద్ధతి అంతేనేమో," అన్నాను.

"ఆయన్నీ అట్లనే తీస్కపోయిన్రా?"

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. నాలుగేళ్ళలో ఆమె ఆ మాట ఎత్తడం అదే మొదటిసారి. ఆమె మళ్ళీ అడగలేదు.

మర్నాడు తెల్లవారాక ఆమె వచ్చి నా తలుపు తట్టింది. చీర కొంగు నడుముకు దోపుకుంది. "తోంగ్‌పాల్ పోదాం పా వదినా."

"ధర పోతుందే అమ్మాయ్!"

"పోతే పోనీ. కాళ్ళున్నదాన్ని నడిచే పోనియ్యాలె."

షెడ్డులో ఆమె కారు తలుపు తీసి సీటు అంచున కూర్చుంది. కింద సీటు జరిపే పట్టీ పట్టుకుంది. తర్వాత కళ్ళు మూసుకుని లాగింది. సీటు కీచుమంటూ ముందుకు జరిగింది. నా చెవికి అది ఎవరో పళ్ళు బిగించి ఏడుపు ఆపుకున్నట్టు వినిపించింది. ఆమె మాత్రం చీర సర్దుకుని, అద్దం తనకు అందేట్టు తిప్పుకుంది.

ఆమె సంతలకు వ్యాను నడిపిన మనిషే. అయినా గేటు దాటేటప్పుడు రెండుసార్లు ఇంజన్ ఆగింది. ఊరు దాటాక చెయ్యి కుదిరింది. వెనక నుంచి ఏదో తోస్తున్నట్టు కారు పరుగెత్తింది. దారిలో భద్రతా బలగాల క్యాంపు దగ్గర జవాను ఆపి, లోపలికి వంగి చూసి, "యే కౌన్సీ గాడీ హై?" అని కారు పేరడిగి, నవ్వి వదిలేశాడు. ఘాటులో సాలచెట్ల కింద పొగమంచు ఇంకా విడలేదు. ఆ మలుపుల్లో నేను పక్కకు చూడడానికి భయపడ్డాను. చూస్తే అక్కడ మరదలు కాకుండా వాడుంటాడేమోనని. ఒకసారి చూశాను. ఆమే ఉంది. పెదవి కొరుక్కుంటూ రోడ్డునే చూస్తోంది. ఏడుపొచ్చింది నాకు.

తోంగ్‌పాల్‌లో టీకొట్టు బల్ల మీద కూర్చున్నాం. కొట్టామె మమ్మల్ని గుర్తుపట్టలేదు కానీ కారును గుర్తుపట్టింది. "భయ్యా నహీ ఆయే?" అని వాడు రాలేదేమని అడిగింది. మరదలు తల అడ్డంగా ఊపింది. కొట్టామె వెళ్ళాక నా వైపు తిరిగింది.

"ఇప్పుడు చెప్పు వదినా. ఎట్ల పోయిండు?"

చెప్పాను. ఏదీ దాచలేదు. వాడు మంచం మీద లేవబోతుంటే నేనూ నర్సూ కలిసి పట్టుకున్న సంగతి చెప్పాను. నన్ను అమ్మ అనుకుని నీళ్ళడిగిన సంగతి చెప్పాను. చివర్లో ఊపిరి ఎలా గురక పెట్టిందో, ఎప్పుడు ఆగిందో చెప్పాను. మొహం ఎలా ఉందని అడిగింది. నిద్రపోయినట్టే ఉందని అబద్ధం చెప్పబోయి మానేశాను. పసుపుపచ్చగా వాడిపోయి ఉందని, కళ్ళు నేనే మూశానని చెప్పాను. వాన తెరిపివ్వక కట్టెలు రాజుకోలేదని కూడా చెప్పాను.

"నన్ను అడిగిండా?"

"బస్సెక్కిందా అని అడిగాడు. ఎక్కిందన్నాను."

టీ చల్లారిపోయింది. ఆమె దాన్ని అలాగే తాగేసి, కొంగుతో మొహం గట్టిగా తుడుచుకుంది. "పోదాం," అంది.

తిరుగుదారిలో, ఘాటు దాటి కొంత దూరం వచ్చాక మీటరులో తొమ్మిదులన్నీ ఒక్కసారిగా కదిలాయి. సున్నాలు పైకి వచ్చాయి, వాటి ముందు ఒకటి పడింది. నేను చూశాను. ఆమె చూడలేదు. ఎదురుగా వస్తున్న ఖనిజం లారీకి దారి ఇస్తోంది.

దంతెవాడ నుంచి వచ్చిన ఆయన మీటరు చూసి తల పట్టుకున్నాడు. "ఏటమ్మా ఇలా చేసీసారు?" అని కాసేపు విసుక్కున్నాడు. చివరికి ధర బాగా తగ్గించి తీసుకున్నాడు. ఇక లారీతో పనిలేదు గనుక, తనే నడుపుకుంటూ విశాఖపట్నం వెళ్ళే కోరాపుట్ దారిన వెళ్ళిపోయాడు. మరదలు గేటు దాకా వచ్చి చూసి, లోపలికి వెళ్ళి షాపు తలుపులు తీసింది. ఆ రోజు మామూలుగానే బేరాలు చేసింది.

ఆమె అలా తేలికపడింది. నాకు మాత్రం ఆమెకు చెప్పినవన్నీ మళ్ళీ మొదటినుంచి మొదలయ్యాయి. నాలుగేళ్ళు నేను తలుపేసి పెట్టినవి టీకొట్టు బల్ల మీద బయటికి వచ్చాయి. ఇప్పుడు బడిలో పాఠం మధ్యలో కూడా వాడు నీళ్ళడుగుతాడు. పిల్లలు చూస్తుంటారు. నేను సుద్దముక్క పట్టుకుని నిలబడి ఉంటాను.

పోయిన నెల సంతలకోసం పాత వ్యాను ఒకటి చూడడానికి వెళ్ళాం. అమ్మేవాడు ఎంత తక్కువ తిరిగిందో హిందీలో గొప్పగా చెప్పుకుపోతున్నాడు. మరదలు మీటరు వైపు చూడనేలేదు. డ్రైవరు సీటు మీద అరచెయ్యి ఆనించింది.

"దీన్ని ఎవరు నడిపేవాళ్ళు?" అని అడిగింది హిందీలోనే.

"ఒక్కడే డ్రైవరమ్మా. ఇప్పుడు రాయపూర్‌లో ట్రాక్టర్ షోరూంలో చేస్తున్నాడు."

"బతికే ఉన్నాడు కదా?"

అమ్మేవాడు తెల్లబోయి నా వైపు చూశాడు. తర్వాత ఫోన్ తీసి ఆ డ్రైవరుకు కలిపి ఆమె చేతికిచ్చాడు. అవతలివాడు "హలో" అనేదాకా ఆగి, ఏమీ మాట్లాడకుండా ఆమె ఫోన్ తిరిగి ఇచ్చేసింది.

"తీసుకుందాం వదినా," అంది.