నెత్తురులో దొరకని జబ్బు

వీధి చివరి దుకాణంలో పరదాలు కుట్టే ఆమెను అందరూ పరదాలక్క అనేవారు. కిటికీ కొలతలు చెప్పడానికి వచ్చినవాళ్ల చేత ఇంటి గుట్టంతా చెప్పించి గానీ పంపేది కాదు. భర్త పోయిన ఏడాదికి ఆ నోరు మూగబోయింది. దాని వెనకే నడుము నొప్పి పట్టుకుంది.

మిషను మీద వంగి వంగి వచ్చిందే అనుకుంది. ఒకరోజు గుడ్డ తాను ఎత్తబోతే పక్కటెముక పుటుక్కుమంది. ఆ చప్పుడు ఒంటి లోపలినుంచి వినపడింది.

ఎముక మజ్జలో పుట్టే కేన్సరేమోనని డాక్టరు అనుమానపడ్డాడు. ఆ జబ్బుంటే రక్తంలోనో మూత్రంలోనో ఒకరకం ప్రోటీను కనపడాలట. రెండుసార్లు పరీక్ష చేయించినా దాని జాడ లేదు.

"రిపోర్టులన్నీ నిక్షేపంగా ఉన్నాయి కదక్కా," అంది చెల్లెలు. "బావ పోయిన దిగులే ఇది. కాస్త గుండె దిటవు చేసుకో."

అక్క తలూపింది. కానీ అప్పట్నుంచి మిషను ముందు కూర్చుంటే ఎవరో వెనక నిలబడి నడుము మీద చెయ్యేసి నొక్కుతున్నట్టుండేది. భర్త అలాగే వచ్చి, "చాల్లే, ఇక లే" అనేవాడు. తిరిగి చూస్తే వేలాడే పరదాలే. ఒకటి ఫ్యాను గాలికి ఉబ్బుతూ తగ్గుతూ ఉంది.

"వచ్చేయనా మరి?" అని పైకే అనేసింది. తన గొంతుకు తనే ఉలిక్కిపడింది.

రెండో ఎముక దుప్పటి దులుపుతుంటే విరిగింది. పక్కనే ఉన్న చెల్లెలి ముఖం పాలిపోయింది. వెంటనే ఆటో పిలిచి పెద్దాసుపత్రికి తీసుకెళ్లింది.

అక్కడి డాక్టరమ్మకు స్కానింగులో ఎముకల నిండా చిల్లులు కనపడ్డాయి. తుంటి ఎముకలోకి సూది దింపి మజ్జ తీయించింది. ఫలితం వచ్చాక ఇద్దరినీ కూర్చోబెట్టింది.

"అమ్మా, ఇది మజ్జ కేన్సరే. మల్టిపుల్ మైలోమా అంటారు. అందులో అరుదైన రకం. ఆ ప్రోటీన్ని మీ కేన్సరు కణాలు బయటికి వదలడంలేదు. అందుకే రక్తంలో చిక్కలేదు."

"అయితే నాకు పిచ్చెక్కలేదన్నమాట," అంది అక్క. చెల్లెలు భోరుమంది.

మందులకు జబ్బు నెలల మీద లొంగింది. అరికాళ్లు మాత్రం ఆ మందుల వల్లే తిమ్మిరెక్కి మొద్దుబారాయి. రక్తపరీక్ష బాగుందని ఎవరైనా సంతోషిస్తే అక్క ముఖం తిప్పుకునేది. అది మొదట్నుంచీ బాగానే ఉంది మరి. జబ్బు తిరగబెట్టిందో లేదో మళ్లీ స్కానింగులోనే, మళ్లీ మజ్జలోనే చూడాలి.

దుకాణం తెరిచిన రోజు కొత్త పరదా తగిలించబోతే కొక్కెం అందలేదు. వెన్నుపూసలు కుంగి ఎత్తు తగ్గిపోయింది.

"చూశావుటే, నన్నెంత కత్తిరించేశారో!" అంది నవ్వుతూ.

చెల్లెలూ నవ్వబోయింది, రాలేదు. పరదా అందుకుని స్టూలెక్కింది. కింద అక్క ఆ స్టూలును రెండు చేతులా గట్టిగా పట్టుకుని నిలబడింది.