షబ్బీర్ కుట్టిన కాన్పుల పుస్తకం

నరసరావుపేట కాన్పుల ఆసుపత్రిలో తొమ్మిదేళ్లు మంత్రసానిగా పనిచేసిన జాహెదాను, ఒక సోమవారం పొద్దున్నే, ఇకమీదట బిడ్డను ముట్టుకోవద్దన్నారు. రెండో ప్రపంచ యుద్ధం ఇంకా జరుగుతున్న రోజులవి. పైనుంచి కాగితం వచ్చింది. పరీక్ష పాసై లైసెన్సు తెచ్చుకున్నవాళ్లు తప్ప ఇంకెవరూ కాన్పుగదిలో చెయ్యి పెట్టకూడదట. పరీక్ష మూడు నెలల తర్వాత గుంటూరులో. అందాకా జాహెదా నీళ్లు కాచాలి, గుడ్డలు ఉతకాలి, తలుపు బయట నిలబడాలి.

బయట నిలబడటమంటే మాటలా! లోపల ఏ పిల్లో "అమ్మా, చచ్చిపోతున్నానే" అని కేకపెడుతుంటే, జాహెదా రెండు చేతులూ కొంగులో చుట్టుకుని గోడకు ఆనుకుని నిలబడేది. ఆ చేతులు ఆమె మాట వినేవి కావు. మొదటి వారంలోనే రెండుసార్లు గడప దాటబోయి తిట్లు తిన్నది.

"నీకు పని వచ్చు జాహెదా, రానిది పుస్తకం. ఏదైనా మంచి పుస్తకం చూసి చదువుకో" అని చెప్పి పెద్ద డాక్టరమ్మ సెలవు మీద మద్రాసు వెళ్లిపోయింది. ఏదైనా మంచి పుస్తకమట! అది ఏదో చెప్పి పోతే ఆమె సొమ్మేం పోయేదో! కాగితం కరువొచ్చి కొత్త పుస్తకాలు అచ్చు కావడమే మానేసిన కాలం. జాహెదా నాలుగో తరగతి దాకా తెలుగు చదివింది. ఆ తర్వాత ఆమె చదివినవన్నీ సీసాల మీది చీటీలే.

ఆమె మొగుడు షబ్బీర్ పుస్తకాలు కుట్టేవాడు. మంచివాడు, పనిమంతుడు, కాకపోతే తన పని మీద అతనికున్న నమ్మకం మరీ ఎక్కువ. మసీదు పక్కన చిన్న కొట్టు. అతని దగ్గరికి వచ్చేవి రెండే రకాలు: మదర్సా పిల్లల పుస్తకాలు, కోర్టువాళ్ల తెల్లకాగితాల రిజిస్టర్లు. అతనికి ఉర్దూ వచ్చు, తెలుగు మాట్లాడటమే గాని అక్షరం రాదు. పెళ్లానికి పుస్తకం కావాలని అతను ఒక్క మాట అన్నాడో లేదో, వీధి వీధంతా పుస్తకాల కోసం బయల్దేరింది. వారం తిరిగేసరికి మూడు పుస్తకాలు వాకిట్లో మంచం మీదికి చేరాయి.

మొదటిది కాంపౌండరు దావూద్ తెచ్చిన ఇంగ్లీషు పుస్తకం. దాన్ని రెండు చేతులతో మోసుకొచ్చాడు. రెండోది హకీము గారి ఉర్దూ పుస్తకం, అందులో కాన్పుల గురించి రెండు పేజీలు, గుర్రాల జ్వరం గురించి నలభై పేజీలు. మూడోది రెంటచింతల నుంచి వచ్చి మిషన్ ఆసుపత్రిలో ముప్ఫై ఏళ్లు నర్సుగా చేసిన ఆరోగ్యమ్మ ఇచ్చిన తెలుగు పుస్తకం. అట్టలు లేవు, మొదటి నాలుగు కాగితాలూ లేవు, కుట్టు తెగి కాగితానికి కాగితం విడివడిపోయింది. ఆమె దాన్ని పాత తువ్వాలులో మూటకట్టి ఇచ్చి, "ఇది చదివితే చాలమ్మా, ఇంకేదీ ముట్టుకోమాక" అని, మర్నాడే బస్సెక్కి తన ఊరికి వెళ్లిపోయింది.

ఇక చూడండి పంచాయితీ! జాహెదా అత్త గుల్జార్ బేగం మూడింటినీ చేత్తో ఎత్తి బరువు చూసింది. "ఇంగ్లీషుదే తీసుకో. ఎంత బరువుంటే అంత చదువు" అని తేల్చేసింది.

"నాకు ఇంగ్లీషు రాదు కదత్తమ్మా" అన్నది జాహెదా.

"రాకపోతే ఏందే? బొమ్మలున్నయ్ గా!"

బొమ్మలున్న మాట నిజమే. ఆ బొమ్మలు చూసి పక్కింటి ముర్తుజా, సైకిళ్లు బాగుచేసేవాడు, మొహం తిప్పుకుని వెళ్లి మళ్లీ మూడు రోజులు కనపడలేదు. హకీము గారి మనిషి వచ్చి, గుర్రానికి పనికొచ్చింది మనిషికి పనికిరాదా అని గట్టిగా వాదించాడు. కాన్పు ఎట్లా ఉంటుందో ఒక్కసారైనా చూడని మగవాళ్లు పదిమంది కూర్చుని, ఏ పుస్తకం చదవాలో నాలుగు రోజులు తేల్చలేకపోయారు. జాహెదాను మాత్రం ఎవరూ అడగలేదు. ఐదో రోజున ఆమే లేచి వెళ్లి మూటను చంకన పెట్టుకుంది. పరీక్ష తెలుగులో, కాబట్టి తెలుగు పుస్తకం. అంతే.

"అయితే దాన్ని నేను కుడతా" అన్నాడు షబ్బీర్. "నా పెళ్లాం గుంటూరు పోయేది మూటతోనా?"

కుట్టాడు మహానుభావుడు! రెండు రోజులు కొట్టు మూసి మరీ కుట్టాడు. కాగితాల అంచులు కోశాడు, మైదా జిగురు కాచాడు, ఎర్రతోలు అట్ట వేశాడు, నాలుగు మూలలా బంగారు గీత తీశాడు. తెల్లకాగితాల రిజిస్టరుకైతే ఏ వైపు కుట్టినా ఒకటే. మదర్సా పుస్తకానికి కుట్టు కుడివైపు ఉంటుంది. ఆ చేతికి అలవాటైంది అదే కనుక, తెలుగు పుస్తకానికీ కుడివైపే వేశాడు. తీరా తయారయ్యాక, తెలుగువాళ్లు తెరిచినట్టు తెరిస్తే మొట్టమొదట వచ్చేది ఆఖరి పేజీ.

జాహెదా అట్లాగే తెరిచింది. మొదటి పేజీ అంకె నూట ఎనభై ఎనిమిది. దాని తర్వాత నూట ఎనభై ఏడు. ఆ తర్వాత నూట ఎనభై ఆరు. ఒక నిమిషం ఆలోచించి, ఇంకా ఎన్ని పేజీలు చదవాలో చెప్పటానికి ఆ అంకెలు వేశారనుకుంది. రాసినాయన ఎవరో గాని చదివేవాళ్ల కష్టం తెలిసినవాడని మెచ్చుకుంది కూడా.

పుస్తకం పసిబిడ్డకు నీళ్లు పోయటంతో మొదలైంది. ఆ తర్వాత బొడ్డు కోయటం. ఆ తర్వాత బిడ్డ బయటికి రావటం. ఆ తర్వాత నొప్పులు. జాహెదాకు అనుమానం రాకపోలేదు. కానీ చిన్నప్పుడు అమ్మపారా నేర్చుకున్నప్పుడు కూడా ఖురాన్ చివర ఉండే చిన్న సూరాల నుంచే కదా మొదలుపెట్టింది! పెద్ద చదువులన్నీ చివరి నుంచే నేర్పుతారు కాబోలనుకుంది. ఎందుకైనా మంచిదని దావూద్‌ను అడిగింది.

దావూద్ కళ్లజోడు సర్దుకుని, "శాస్త్రం అంటే అట్లాగే ఉంటది చెల్లెమ్మా. ముందు ఫలితం చెప్పుద్ది, కారణం తర్వాత చెప్పుద్ది" అన్నాడు.

ఇక తిరుగేముంది! బట్టీ పట్టింది. అన్నం వండుతూ, గుడ్డలు ఉతుకుతూ, ఆ తలుపు బయట నిలబడి లోపలి కేకలు వింటూ, పేజీ తర్వాత పేజీ మింగేసింది. ఒక్కచోట మాత్రం ఆగిపోయింది. ఒక పేజీ అడుగున "పిమ్మట తల్లిని మంచముపై పరుండబెట్టి" అని ఉంది. తిప్పగానే "సబ్బుతో తోమి, మరుగు నీటిలో పది నిమిషములు ఉంచవలెను" అని ఉంది. జాహెదా మళ్లీ వెనక్కి తిప్పింది. పదిసార్లు చదివింది. పదిసార్లూ అదే ఉంది. ఆ పేజీ మీద పుస్తకం మూసేసి, ఆ పూట అన్నం కూడా సరిగ్గా తినలేదు.

పరీక్ష రోజున ఎర్రట్ట పుస్తకాన్ని గుండెకు హత్తుకుని రైల్లో గుంటూరు చేరింది. బల్ల వెనక ముగ్గురున్నారు: నడివయసు డాక్టరమ్మ, ముసలి డాక్టరు, మార్కులు వేసే గుమాస్తా. ఒక్క మాట తప్పితే బతుకంతా తలుపు బయటే అని జాహెదాకు తెలుసు.

డాక్టరమ్మ అడిగింది. "నొప్పులొస్తున్నాయని కబురొచ్చింది. వెళ్లావు. ముందుగా ఏం చేస్తావు?"

"బిడ్డకు గోరువెచ్చని నీళ్లు పోసి, మెత్తటి గుడ్డలో చుడతానండి."

"ఏ బిడ్డకు? ఇంకా పుట్టలేదుగా?"

"పుడతాడండి. అది తర్వాతి పేజీల్లో ఉంది."

గుమాస్తా కలం ఆగింది. ముసలి డాక్టరుకు మాత్రం హుషారొచ్చింది. "కానీ, కానీ. ఆ తర్వాత?" అన్నాడు.

"ఆ తర్వాత బొడ్డు కోస్తానండి. ఆ తర్వాత బిడ్డ వస్తాడు. ఆ తర్వాత నొప్పులు మొదలవుతాయి. ఆ తర్వాత..." జాహెదా కళ్లు మూసుకుని ఏకబిగిన చెప్పుకుంటూ పోయింది. గుమాస్తా తన కాగితం చూసుకుని, జవాబులన్నీ సరైనవేనని, ఒక్కటి కూడా అడిగిన ప్రశ్నకు కాదని, మార్కులు ఎట్లా వెయ్యాలో చెప్పమని డాక్టరమ్మ చెవిలో గొణిగాడు.

"...పిమ్మట తల్లిని మంచముపై పరుండబెట్టి, సబ్బుతో తోమి, మరుగు నీటిలో..." జాహెదా ఆగింది. కళ్లు తెరిచింది. "ఇది మాత్రం నేను చెయ్యనండి."

"ఏది?"

"తల్లిని మరిగే నీళ్లలో పది నిమిషాలు ఉంచటం. పుస్తకంలో ఉంది, నాకు తెలుసు. అయినా చెయ్యను. మీరు లైసెన్సు ఇయ్యకపోయినా సరే, నన్ను చంపినా సరే, చెయ్యను!" అని బల్ల మీద గుద్ది, భోరున ఏడ్చేసింది.

డాక్టరమ్మ చెయ్యి చాచి ఎర్రట్ట పుస్తకం తీసుకుంది. ఇటు తెరిచింది, అటు తెరిచింది. పేజీల అంకెలు చూసింది. ముసలి డాక్టరుకు చూపించింది. ఆయన చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుని కిటికీ వైపు తిరిగాడు, భుజాలు మాత్రం ఎగిరెగిరి పడుతున్నాయి.

"ఉడకబెట్టాల్సింది కత్తెరనమ్మా, తల్లిని కాదు. కుట్టు తిరగబడింది" అన్నది డాక్టరమ్మ, నవ్వు బిగబట్టి. "ఇది మూసెయ్. నీ చేతులతో నువ్వు చేసిన ఆఖరి కాన్పు చెప్పు."

జాహెదాకు మూడు నెలల చాకిరీ కళ్ల ముందు గిర్రున తిరిగింది. షబ్బీర్ మీద ఒళ్లు మండిపోయింది. ముక్కు తుడుచుకుని చెప్పటం మొదలుపెట్టింది. నకరికల్లు నుంచి బండిలో తెచ్చిన పందొమ్మిదేళ్ల పిల్ల. బిడ్డ మెడకు పేగు రెండు చుట్లు చుట్టుకుంది. ఆసుపత్రి పెద్ద డాక్టరమ్మ ఊళ్లో లేదు. చెబుతుంటే జాహెదా చేతులు గాలిలో వాటంతటవే కదిలాయి. వేలు ఎక్కడ దూర్చిందో, పేగు ఎట్లా తప్పించిందో, నీలంగా ఉన్న బిడ్డ ఎంతసేపటికి ఏడ్చాడో అన్నీ చెప్పింది. డాక్టరమ్మ మధ్యలో ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. చివర్లో గుమాస్తా చేతిలోని కాగితం లాక్కుని, పాసని రాసి తనే సంతకం పెట్టింది.

జాహెదా లైసెన్సు కాగితంతో దిగేసరికి నరసరావుపేట స్టేషనుకు వీధంతా వచ్చింది. కాగితం చూడగానే షబ్బీర్ ఆమె చంకలోని పుస్తకాన్ని లాక్కుని తల మీదికెత్తి, "చూశారా! నా కుట్టు!" అని అరిచాడు. శాస్త్రం విప్పి చెప్పింది తానేనన్నాడు దావూద్. ఇంగ్లీషుది చదివుంటే ఏకంగా డాక్టరే అయ్యేదని నొచ్చుకుంది గుల్జార్ బేగం. రైలుపెట్టెలో కూర్చుని షబ్బీర్‌ను తిట్టాలని జాహెదా కూడబెట్టుకున్న తిట్లు చానానే ఉన్నాయి. అతని మొహంలో సంతోషం చూశాక అవి గొంతు దాటి రాలేదు.

"దాన్ని విప్పి మళ్లా ఎడమవైపు కుట్టయ్యా" అన్నది, అంతే.

"ఎందుకు? పాసయిన పుస్తకం కదే!"

"పాసయింది పుస్తకం కాదు, నేను!"

ఇంటికి కూడా పోకుండా తిన్నగా ఆసుపత్రికి నడిచింది. పుస్తకం మహిమ గురించి గట్టిగా వాదించుకుంటూ జనం వెంటపడ్డారు. లోపల ఎవరో పిల్ల కేకపెడుతోంది. జాహెదా కాగితం తలుపు దగ్గరున్న నర్సు చేతిలో పెట్టి, కొంగు నడుముకు దోపి, గడప దాటి లోపలికి వెళ్లింది. వెనకాలే రాబోయిన సలహాదారులందర్నీ నర్సు బయటే నిలబెట్టి తలుపేసింది.