ఎండిన చెరువును బీడని రాయమన్నారు

గోదావరి పరీవాహక ప్రాంతంలో ఏ నేలను దేనికి వాడుతున్నారో చూపే పటం కోసం రెండు నెలలు పనిచేశాను. ఉపగ్రహం తీసిన బొమ్మ మీద ఆఫీసువాళ్లు చుక్కలు పెట్టి నా ఫోన్‌కు పంపేవాళ్లు. నేను ఆ చోటికి వెళ్లి నిలబడి, అక్కడున్నది అడవా, పంటా, బీడా, చెరువా, ఇళ్లా అని రాయాలి. ములుగు వైపు మొదలుపెట్టాను. అడవి అంచులను కొరుక్కుంటూ పత్తి, పత్తి దాటితే జామాయిల్ తోటలు, తర్వాత వరి. హన్మకొండ దగ్గరపడేకొద్దీ రంగు రాళ్లు పాతిన ప్లాట్లు తప్ప మరేమీ లేవు. నీళ్లనూ నేలనూ దేవుడు సృష్టి మూడో రోజున వేరుచేశాడని బైబిల్లో చదివి నమ్మినవాణ్ని. చెరువులు పూడ్చి వాటిని మనుషులు మళ్లీ ఎలా కలిపేస్తున్నారో చూసి సాయంత్రానికి నోరు చేదెక్కేది.

ఏప్రిల్‌లో ఒక చుక్క ఎండిన చెరువు శిఖంలో, అంటే నీళ్లు నిలిచే నేలలో పడింది. మట్టి పలకలుగా పగిలి ఉంది. చెప్పుల కింద నత్తగుల్లలు పటపటమన్నాయి. ఒక మూల టిప్పర్లు కూల్చిన గోడల పెళ్లలు పోసిపోయాయి, వాటి మీద కోళ్ల పేగులు, ఈకలు. బర్రెలు మేపుతున్న ఒక అవ్వ నా ఫోన్ వంక చూసి, "వానకాలం రా బిడ్డా, నువ్వు నిలబడ్డకాడ గొంతుదాక వస్తయి నీళ్లు" అంది.

నేను అటు వెళ్తున్నానని తెలిసి మా చర్చి సంఘ పెద్ద కారులో వచ్చాడు. సండే స్కూల్లో నాకు వాక్యం నేర్పినాయన. అక్కడ మందిరం కట్టి, చుట్టూ ప్లాట్లు వేసి విశ్వాసులకు అమ్మాలని ఆయన ఆలోచన. పటంలో చెరువని పడితే అనుమతి రాదు. వచ్చీ రాగానే భుజం మీద చెయ్యి వేశాడు.

"జర బీడని రాయి తమ్మీ. నీళ్లేడున్నయి? నువ్వే చూస్తానవ్ కదా."

"అన్నా, పాస్టరయ్య నన్ను బాప్తిస్మంల ముంచింది ఈడనే. ఒడ్డు మీద తువ్వాల పట్టుకొని నిలబడ్డది మీరే."

"గప్పటి ముచ్చట వేరు. ఇది దేవుని పని."

అవ్వ వింటూనే ఉంది. "మీ దేవునికి గీ పేగుల పక్కనే జాగ దొరికిందా?" అని బర్రెలను అదిలించుకుంటూ పోయింది. ఆమె ముందు నాకు తల కొట్టేసినట్టయింది. ఆయనకు అదేమీ లేదు. భుజం మీది చెయ్యి జెర్రిలా అనిపించి దులుపుకున్నాను. చెరువు అని రాసి, గుల్లలకూ తూముకూ ఫొటోలు తీసి పంపాను. ఆఫీసులో దాన్ని ఉంచారో మార్చారో ఇప్పటికీ తెలియదు.

తర్వాతి ఆదివారం ఆయన కొత్త మందిరం కోసం ప్రార్థన చేయించాడు. శత్రువు మన మధ్యనే కూర్చున్నాడని కూడా అన్నాడు. నా భార్య తల వంచుకుంది. క్రీస్తును తలచుకొని రొట్టె పంచుకునే ప్రభువు బల్ల సమయంలో పళ్లెం పట్టుకొని ఆయనే మా వరుసకు వచ్చాడు. బాప్తిస్మం తీసుకున్నప్పటి నుంచి ఒక్కసారి కూడా నేను ఆ రొట్టెను కాదనలేదు. ఆ రొట్టె మీద నాకు ఇప్పటికీ ఏ సందేహమూ లేదు. కానీ పళ్లెం అంచున ఉన్నవి చెరువులో నా భుజం మీద పడ్డ వేళ్లే. చేతులు ఒళ్లోనే పెట్టుకొని, పళ్లెం పక్కవాళ్ల వైపు వెళ్లేదాకా నేల చూస్తూ కూర్చున్నాను.