అన్న ఇచ్చిన రక్తం

నర్సింగ్ కాలేజీలో నేను జన్యుశాస్త్రం చెబుతాను. పరీక్షలు పేదల దాకా ఎందుకు చేరవన్నది నా పరిశోధన. కోసిగి దగ్గరి పల్లెలో ఒక గర్భిణికి తలసేమియా అనే రక్తజబ్బు జన్యులక్షణం ఉందని నా శిబిరంలోనే తేలింది. భర్తకూ ఉంటే పుట్టే బిడ్డకు జబ్బు రావచ్చు. అతన్ని పంపమన్నాను.

మూడు రోజుల తర్వాత ఎమ్మిగనూరులో ఒకతను వచ్చి ఆమె భర్త పేరే చెప్పి చెయ్యి చాపాడు. నేనే రక్తం తీశాను. ఆధార్ కార్డు అడగలేదు. ఫలితం బాగుంది. భయం లేదని ఫోన్‌లో చెప్పాను.

పాప పుట్టింది. ఏడో నెల వచ్చేసరికి తెల్లగా పాలిపోయింది. ఆదోనిలో పరీక్ష చేస్తే తలసేమియా. అలా ఎలా వస్తుందని తండ్రి పాత పరీక్ష కాగితం పట్టుకుని కూర్చుంటే, పాప నాయనమ్మ చెప్పింది.

"ఆ పొద్దు వచ్చినోడు నా పెద్దకొడుకు మేడం. సిన్నోడు ఊరిడిసి మిరపకోత కూలికి, సుగ్గికి పోయినాడు. పని నడాన ఇడిసి వస్తే మేస్త్రీ మళ్లీ పిలుస్తాడా? ఒక్క కడుపున పుట్టినోళ్లే గదా, ఎవురి రక్తమైతేనేమి అనుకొంటిమి."

ఇది ఇంటి రక్తంలో వచ్చే జబ్బని శిబిరంలో అరగంట చెప్పింది నేనే.

తర్వాత ఆదోని ఆసుపత్రిలో నెలనెలా రక్తం ఎక్కించారు. పాపది అరుదైన నెగటివ్ గ్రూపు. పెదనాన్నది కలిసింది. మరుసటి సుగ్గికి పల్లె ఖాళీ అయింది, పాప తండ్రీ కూలికి వెళ్లాడు. పాపకు ఆయాసం మొదలైంది. ఆసుపత్రిలో ఆ గ్రూపు నిల్వ లేదు, ఇచ్చే మనిషిని తెచ్చుకోమన్నారు. పెదనాన్న మళ్లీ వచ్చాడు. ఇచ్చి నెల కాలేదు, తీయకూడదన్నాను.

"నా రక్తం బాగుందని సెప్పింది నువ్వే గదమ్మా."

"అన్నా, నీకే ప్రమాదం."

"ఊర్లో ఇంగెవురుండారు? ముసిలోళ్లు, కుక్కలు. కుక్కల్ని తీసుకొస్తునా?" అని నవ్వబోయాడు. తల్లి ఒళ్లో పాపను చూసి ఆగిపోయాడు.

నా గ్రూపు వేరు. కర్నూలులోనూ దొరకలేదు. విద్యార్థినులందరికీ ఫోన్ చేశాను. ఇద్దరిది ఆ గ్రూపే. మర్నాడు కర్నూలు నుంచి తొలి బస్సుకు బయల్దేరారు. ఎమ్మిగనూరు దాటామని వాళ్లు ఫోన్ చేసేసరికి పాప పోయి పావుగంటయింది. తల్లి ఇంకా పాప వీపు నిమురుతూనే ఉంది. నేను ఆమె ఎదుట నిలబడి, ఫోన్‌లో, "రండమ్మా" అన్నాను.