నంజుండప్ప ఆటోలో ఊరు చూడబోయి

కేజీఎఫ్ బంగారు గనుల ఊరు చూడ్డానికి వచ్చేవాళ్ళు నంజుండప్ప ఆటో ఎక్కితే చాలు, వేరే గైడు అక్కర్లేదు. గని మట్టి పోసిన సైనైడ్ దిబ్బకు పొద్దున్నే పోవాలి, ఆలస్యమైతే గాలి లేచి కళ్ళనిండా దుమ్ము. వాన పడినరోజు దిబ్బ ఎక్కకూడదు. కోటిలింగాల గుడికి పండగరోజు పోతే తోపులాటే. దోసె తినాలంటే ముళబాగిలు దాకా ఓపిక పట్టాలి. ఇవన్నీ అడక్కుండానే చెబుతాడు. అడిగినా చెప్పనిది ఒక్కటే, గనిలోకి దిగే పాత షాఫ్టు బావి వైపు ఎందుకు పోడో.

నేను కోలారులో టీచర్ని, నా నోరు ఊరుకోదు. మా అమ్మ కుముద పుట్టింది ఇక్కడి గని క్వార్టర్సులో. ఇప్పుడు మోకాళ్ళు అరిగిపోయి, ఒకరు పట్టుకుంటేగానీ ఆటో దిగలేదు. పుట్టిన వీధి చూడాలని అడిగింది. ఆ వీధి షాఫ్టు పైనున్న గట్టుమీద ఉంది. పెద్దావిడ అడిగేసరికి నంజుండప్ప కాదనలేకపోయాడు.

దారిలో ఆయన సంగతి బయటికొచ్చింది. గనిలో వైండింగ్ ఇంజను నడిపేవాడట. మనుషులను దించి ఎక్కించే కేజ్ ఆయన చేతిలో ఉండేది. కింద ఎవరున్నారో కనబడదు, గంట మాత్రమే వినబడుతుంది. గంట మూడుసార్లు కొడితే మనుషులున్నారని అర్థం. బ్రేకు వదిలి లాగాలి.

"ఒగరోజు లోపల బండ పేలిందమ్మా. కేజ్ రోపు ఇరుక్కునింది. నాతో టీ తాగి దిగినోళ్ళే, మూడేసి గంటలు కొడతానే ఉండారు. నేను లాగలేకపోతిని" అన్నాడు.



గట్టుమీద ఆటో ఆపాడు. మిట్టమధ్యాహ్నం. నేను దిగి ఆ వీధిని ఫొటో తీస్తున్నాను. వాలు చివర తుప్పు పట్టిన కంచె, దాని అవతల షాఫ్టు. గాలి ఆడడం లేదు. కాకి కూడా అరవడం లేదు.

అప్పుడు గంట మోగింది. మూడుసార్లు, నేల కిందనుంచి.

చుట్టుపక్కల నరమానవుడు లేడు. గని మూతపడ్డాక అక్కడి గంటలు ఏనాడో పాత ఇనుము కింద అమ్ముడుపోయాయి. వెనక్కి తిరిగాను. నంజుండప్ప ఎదురుగా ఏముందో చూడకుండా బ్రేకు వదిలేశాడు. లోపల అమ్మ ఉండగానే ఆటో వాలులోకి జారింది.

"బ్రేకు వెయ్యప్పా, అమ్మ ఉంది" అని అరుస్తూ పరిగెత్తాను. ఆయన ఉలిక్కిపడి బ్రేకు పట్టాడు. ముందు చక్రం కంచెను తాకి ఆగింది.

అమ్మను దించి, ఆయన్ను నోటికొచ్చినట్టు తిట్టాను. తల వంచుకొని విన్నాడు.

"తిట్టమ్మా. మనుషులుండారని చెప్పినారు. చెయ్యి నా మాట ఇన్లేదు."

అమ్మ మాత్రం ఆయన్ను తిట్టలేదు. "నాకూ వినబడిందే" అంది నాతో, మెల్లగా. దాంతో నా కోపం పోయి భయం పట్టుకుంది.

ఫోను చేసి వేరే ఆటో పిలిపించాను. నంజుండప్ప తన తాళంచెవి నా చేతిలో పెట్టాడు.

"మా ఇంటామె సొన్నమ్మకు ఇచ్చేయమ్మా. ఇంగ నేను బండి నడపకూడదు."

"మీరూ రండి. ఈ ఎండలో ఇక్కడేం చేస్తారు?"

ఆయన కంచె పట్టుకొని నేలమీద కూర్చున్నాడు.

"ఇంగా కొడతానే ఉండారమ్మా. ఈసారి కూడా ఇడిసిపెట్టి యాడికి పొయ్యేది?"